వెనకనున్నదంతా మసకేనా?

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోయే దారిలో, ఒక ఆదివారం ఉదయం, మర్రిచెట్టు నీడన ఆగాను. అప్పటికే అక్కడొక పెళ్ళి కావలసిన జంట ఉన్నది. వారితోబాటు ఒక ఛాయాగ్రాహకుడు, వెలుతురును ముఖాల మీదికి మళ్ళించే వెండిరంగు పలకను పట్టుకొని నిలబడ్డ కుర్రవాడు, బట్టల సంచులు మోస్తూ ఇద్దరు బంధువులు. నా మెడలోని కెమెరాను చూసి ఆ ఛాయాగ్రాహకుడు నన్ను తన కులంవాడిగానే ఎంచాడు కాబోలు, నాలుగు చిత్రాలు తీశాక దగ్గరికి వచ్చి వెనక తెర చూపించాడు. అమ్మాయి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆమె భుజాల వెనకాల మాత్రం ఆకుపచ్చనివీ, బంగారు రంగువీ గుండ్రటి మరకలు. “బ్యాక్‌గ్రౌండ్ మొత్తం కొట్టేసిన సార్!” అన్నాడు ఎంతో సంతోషంగా.

నేను తలెత్తి చెట్టును చూశాను. నలుగురు చేతులు కలిపినా చుట్టుకు అందని బోదె, దానికి సున్నపు పట్టీ, రోడ్డుకు అడ్డంగా పందిరివలె చాచిన కొమ్మలు, మనిషి ఎత్తుకు పైన ఆగిపోయిన ఊడలు. నగరం నుంచి పనిగట్టుకొని ఇంతదూరం వచ్చి, వందల చెట్లలో ఈ చెట్టును ఎంచుకొని, దాని నీడలోనే నిలబడి, చివరకు దానిని కొట్టివేయడం! గొడ్డలి కూడా అక్కర లేకుండా!

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతడు చేసేది పొట్టకూటి పని, అడిగినవారికి అడిగినది ఇస్తున్నాడు. నా కోపమల్లా ఈ మసకను అందమని, నైపుణ్యమని, చివరకు కళ అని మనచేత ఒప్పించిన అభిరుచి మీద. అందులో నా మీద నాకున్న కోపం వాటా ఎక్కువ. ఎందుకంటే ఏడెనిమిదేళ్ళు నేనూ ఈ దారి వెంబడి చేసినది ఇదే.

నా దగ్గరున్నది చాలా చిన్న కటకం. నికాన్ వారు 2009లో తెచ్చిన 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8. బరువు 200 గ్రాములు. జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే దగ్గరకు నడవాలి, దూరంగా కావాలంటే వెనక్కు నడవాలి. పెళ్ళిళ్ళలో కిలోన్నర బరువున్న తెల్లని గొట్టాలను మోసేవారు దీనిని చూసి నవ్వుతారు. నవ్వనీ. చొక్కా జేబులో పట్టకపోయినా కూరగాయల సంచీలో ఒక మూలన పడి ఉంటుంది. బస్సులో ఒడిలో పెట్టుకున్నా పక్కవాడు సర్దుకొని కూర్చోడు. మనిషిని దూరం నుంచి దొంగచాటుగా లాక్కోనివ్వదు. ఎదురుగా వెళ్ళి, పలకరించి, కాసేపు నిలబడితే తప్ప చిత్రం దక్కదు. రోజూ తీసుకొనే చిత్రాలకు ఇంతకంటె మర్యాదైన పనిముట్టు నాకు తెలియదు. ఈ చిన్న లెన్సును తిట్టడానికి నేను పూనుకోలేదని ముందే చెప్పుకోవడం మేలు. దీని చేత చేయిస్తున్న పని మీదనే నా తగాదా.

ఎఫ్/1.8 అన్న అంకె దేనికోసం పుట్టిందో ఒకసారి తలచుకోండి. చేవెళ్ల చుట్టుపక్కల పల్లెల్లో బంతి, చామంతి, గులాబి పండిస్తారు. ఆ పూలు తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్టుకు చేరాలి. అంటే కోతలూ, మూటలు కట్టడాలూ, ఆటోలకెత్తడాలూ చీకట్లోనే జరగాలి. ఒక్క బల్బు వెలుగుతుంటుంది, అదీ పశువుల కొట్టం చూరుకు వేలాడుతూ. ఆ వెలుతురులో కెమెరాతోబాటు వచ్చే మామూలు జూమ్ లెన్సు చేతులెత్తేస్తుంది. అది ఎఫ్/5.6 వద్ద లోనికి రానిచ్చే వెలుగుకు ఎఫ్/1.8 దాదాపు పదింతలు రానిస్తుంది. ఫ్లాషు వేసి ఆ తెల్లవారుజామును నాశనం చేయనక్కరలేకుండా, పూలమూట ముడివేస్తున్న చేతులను ఉన్న వెలుగులోనే దక్కించుకోవచ్చు. చీకటిలోకి వెళ్ళగలగడం, అదీ లోపలివారిని కలవరపెట్టకుండా వెళ్ళగలగడం — దాని పుట్టుకకు కారణం ఇదే.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1924లో జర్మనీలో ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరా వచ్చింది. లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన ఎఫ్/2 కటకం దానికి ప్రాణం. దానిని పట్టుకొని ఎరిక్ సాలమన్ అనే న్యాయశాస్త్ర పట్టభద్రుడు కోర్టు గదుల్లోకి, దౌత్యవేత్తల రాత్రి సమావేశాల్లోకి వెళ్ళాడు. అంతవరకు ఫొటో అంటే మెగ్నీషియం పొడి భగ్గుమనడం, అందరూ కొయ్యబారి కూర్చోవడం. ఆయన చిత్రాల్లో మంత్రులు కునుకు తీస్తారు, చేతులు తిప్పుతూ వాదించుకుంటారు. గది, దీపాలు, బల్ల మీది కాగితాలు అన్నీ ఆ కథలో పాత్రలే. 1944లో నాజీలు ఆయనను ఆష్విట్జ్‌లో చంపారు. గదిలోకి వెళ్ళడానికి ఆయన వాడిన పనిముట్టును గది కనబడకుండా చేయడానికి వాడుకుంటున్న ఘనత మనది.

ఈ మసకకొక పేరు కూడా దొరికింది. జపాను మాట ‘బొకే’. మైక్ జాన్‌స్టన్ అనే సంపాదకుడు 1997లో ఒక అమెరికన్ ఫొటో పత్రికలో దీనికి ఇంగ్లీషు వర్ణక్రమం కట్టి ప్రచారంలోకి తెచ్చాడు. ఆ చర్చ మొదట ఎంతో సూక్ష్మమైనది. గురి తప్పిన భాగం ఒక్కో లెన్సులో ఒక్కో తీరుగా కనబడుతుంది కదా, ఆ తేడాలేమిటని. తర్వాత అది లెన్సు కొనడానికి ఏకైక కారణమైపోయింది. 2016లో ఐఫోన్ 7 ప్లస్ వచ్చాక లెన్సు కూడా అక్కరలేకపోయింది. ఎవరు మనిషో, ఏది వెనకతలమో ఫోనే లెక్కగట్టి, మనిషి కానిదంతా పులిమేస్తుంది. ఒక్కోసారి చెవి కొసను కూడా పులుముతుంది. బంతిపూల బుట్ట నెత్తిన ఉన్న మనిషిని తీస్తే బుట్ట అంచును ఏ లెక్కలో వేయాలో తెలియక తికమకపడటం నేను కళ్ళారా చూశాను. యంత్రానికైనా కొంత సందేహముంది. మనకు అదీ లేదు.

ఇక నా నేరం సంగతి.

చేవెళ్లకు ఇవతలి పల్లెల్లో ఒకదానిలో ఒక అవ్వ ఉన్నది. ఎకరంన్నర చేను. సగంలో బంతి, సగంలో క్యారెట్టు. ఆ ప్రాంతపు ఎర్రనేలకు క్యారెట్టు బాగా కుదురుతుంది. ఆమెను బంతిచేను నడుమ నిలబెట్టి రెండు మీటర్ల దూరం నుంచి తీశాను. ఎఫ్/1.8 వద్ద. అప్పటికి నాకు మరో అంకె తెలియదని చెప్పవచ్చు. చిత్రం నాకు ఎంత నచ్చిందంటే పెద్దదిగా అచ్చువేయించి, పటం కట్టించి తీసుకువెళ్ళి ఇచ్చాను. ఆమె పటాన్ని ఎండకు తిప్పి చాలాసేపు చూసింది.

“మొకం మంచిగనే వచ్చింది బిడ్డా. గీ పసుప్పచ్చగున్నదేంది, పొగ లెక్క?”

“గదే అవ్వా, నీ బంతిచేను.”

“గిది నా చేనా?” అన్నది. మళ్ళీ కాసేపు చూసి, “గిది ఎవ్వల చేనన్నా కావచ్చు” అని పటాన్ని గోడకు ఆనించింది.

నాకు అప్పుడు నవ్వు వచ్చింది. పల్లెటూరి అవ్వకు ఫొటోగ్రఫీ ఏం తెలుసునన్న నవ్వు అది. ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాక నవ్వు ఆగిపోయింది. ఆ లెన్సుతో, నా కెమెరా మీద, రెండు మీటర్ల దూరాన, ఎఫ్/1.8 వద్ద స్పష్టంగా పడే లోతు ఇంచుమించు ఇరవై మూడు సెంటీమీటర్లు. జానెడు! ఎకరంన్నర భూమి గల మనిషికి నేను ఆమె భూమిలోంచి జానెడు మిగిల్చి తక్కినదంతా ఆవిరి చేశాను. అదే లెన్సును ఎఫ్/8కు మూసి, ఎనిమిది మీటర్ల దూరాన గురి నిలిపితే, సుమారు నాలుగు మీటర్ల నుంచి దిగంతం దాకా ప్రతిదీ తేటగా పడుతుంది. అవ్వను నాలుగడుగులు అవతల నిలబెట్టి ఉంటే ఆమె ముఖమూ, చేనూ, చేను గట్టున ఉన్న వేపచెట్టూ, బోరు షెడ్డూ అన్నీ ఉండేవి. ఖర్చు ఏమీ లేదు, ఒక చక్రాన్ని నాలుగుసార్లు తిప్పడం తప్ప. పొద్దున తొమ్మిదింటి ఎండ, వెలుగుకు కొరత లేదు. చీకటిలో పనికొచ్చే కన్నును పట్టపగలు ఎందుకు అంత తెరచి ఉంచాను? అందరూ తెరిచారు గనుక.

దీనికి జవాబులు నేను విన్నవే. మొదటిది, వెనక ఉన్నదంతా అందవికారం అన్నది. తీగలు, ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ కవర్లు, రేకుల షెడ్లు. వాటిని చూపించడమెందుకు? అయ్యా, అవి ఉన్నాయి గనుక. మొయినాబాద్ కూడలిలో ప్లాట్ల ప్రకటన ఫ్లెక్సీ కింద క్యారెట్లు కుప్పపోసి అమ్మే మనిషిని తీస్తూ ఫ్లెక్సీని చెరిపివేస్తే, ఆ మనిషి రేపు అక్కడ ఉండడన్న సంగతిని కూడా చెరిపివేసినట్టే. చిలుకూరు బాలాజీ గుడి బయట కొబ్బరికాయల దుకాణాల్లో కూర్చున్న ముఖాలు ఎంత అందమైనవైనా కావచ్చు. వారి వెనక నూటెనిమిది గళ్ళ చీటీ పట్టుకొని, ప్రదక్షిణలు లెక్కతప్పకుండా ఒక్కొక్క అంకెనూ కొట్టివేసుకున్న కుర్రవాడు వీసా రావాలన్న ఆరాటంతో చెప్పులు వెతుక్కుంటుంటాడు. ఆ ఇద్దరూ ఒకే చిత్రంలో ఉంటేనే అది చిలుకూరు. ఒక్క ముఖమే ఉంటే అది ఎక్కడైనా కావచ్చు. అవ్వ మాటే మళ్ళీ.

రెండవది, చూపును నిలిపేందుకు వెనకతలాన్ని తగ్గించక తప్పదన్నది. ఇది పనికిమాలిన మాట కాదు. తగ్గించడానికి దారులు చాలా ఉన్నాయి. ఒక అడుగు పక్కకు జరగవచ్చు, వంగవచ్చు, వెలుగు మారేదాకా ఆగవచ్చు. ప్రైమ్ లెన్సు నేర్పే చదువంతా ఇదే, కాళ్ళతో కూర్చుకోవడం. మసక ఈ చదువును ఎగవేయడానికి దొరికిన దొడ్డిదారి. కటకాన్ని బార్లా తెరిస్తే ఎక్కడ నిలబడాలన్న ప్రశ్నే ఉండదు, ఎక్కడ నిలబడినా ఒకటే గనుక. నిజంగా చీకటై, తెరవక తప్పనప్పుడు కూడా ఆరు మీటర్లు వెనక్కు జరిగితే, ఎఫ్/1.8 వద్దనే రెండు మీటర్లకు పైగా లోతు దక్కుతుంది. పూలమూటలు కట్టే నలుగురూ అందులో ఇముడుతారు.

మూడవది, ‘మావి జ్ఞాపకాలు, సాక్ష్యాలు కావు’ అన్నది. ఈ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. జ్ఞాపకమనేది ఏమిటని వీరి ఉద్దేశం? మీ తాతగారి పెళ్ళి ఫొటో తీసి చూడండి. ముఖాలు చూడటం రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత గంటసేపు చూసేది వెనకనున్న తలుపు, దాని మీద వేలాడుతున్న గడియారం, కిటికీలోంచి తొంగిచూస్తున్న ఎవరో పిల్లవాడు. ‘వీడెవడు?’ అన్న ప్రశ్నతో కదా ఇంట్లో కథలు మొదలవుతాయి! నేటి పెళ్ళి ఆల్బమ్ తెరిచే మనవడికి అడగడానికి ఏమీ మిగల్చలేదు మనం.

రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పెద్ద పెద్ద గాజుపలకల మీద తీసిన చిత్రాల్లో నవాబుల ముఖాలకంటె వారి వెనకనున్న మెట్లు, షాండ్లియర్లు, అంచున నిలబడ్డ నౌకర్లు నేడు మనకు ఎక్కువ చెబుతున్నారు. మన కాలంలో భరత్ భూషణ్, 2022లో కన్నుమూసినవాడు, తెలంగాణ పల్లెల తలుపులను, గోడలను, బతుకమ్మలెత్తుకున్న ఆడవారిని తీశాడు. ఆయనకు గోడ వెనకతలం కాదు, అదే విషయం. ఆ తలుపుల్లో ఎన్ని ఇప్పుడు ఉన్నాయో చెప్పలేం గాని ఆ చిత్రాలున్నాయి.

ఇక చెట్ల దగ్గరికి. హైదరాబాద్–బీజాపూర్ దారి మీద, అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల మేర, తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నాయి. నిజాంల కాలంలో బాటసారుల నీడకోసం నాటినవని చెబుతారు. ఆ దారిని నాలుగు వరుసలు చేయాలని జాతీయ రహదారుల సంస్థ, చెట్లను నరకవద్దని పర్యావరణ ప్రేమికులు. తగవు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళి ఏళ్ళ తరబడి సాగింది. చాలా చెట్లను ఉన్నచోటనే ఉంచి, కొన్నింటిని తరలించేట్టుగా ప్రణాళికను మార్చాక 2025 చివరలో పనులకు దారి ఏర్పడింది. ఆ వెంటనే, నవంబరు 3న, మీర్జాగూడ దగ్గర కంకర లారీ తాండూరు డిపో బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ దారిన రోజూ ప్రాణాలరచేత పట్టుకొని ప్రయాణించేవారి ముందు నిలబడి రోడ్డు వద్దనగల ధైర్యం నాకు లేదు, అనవలసిన పనీ లేదు. రోడ్డా చెట్టా అన్న పంచాయతీకి తీర్పు చెప్పడానికి నేనెవరిని?

నేను చేయగలిగి కూడా చేయనిది ఒక్కటే. తగవు నడుస్తున్న ఆ ఏళ్ళలో, ఒకనాటి సాయంత్రం, నేను ఎప్పుడూ ఆగి చాయ్ తాగే చోటి చెట్టు ఎలా ఉండేదో మిత్రుడికి చూపాలని నా చిత్రాలన్నీ తిరగేశాను. ఆ చెట్టు కింద నేను తీసినవి నూట నలభై దాకా తేలాయి. చాయ్ గ్లాసు ఉంది, గ్లాసు అంచున నురగ బుడగలున్నాయి. బండి నడిపే ఆయన మీసం ఉంది. ఆయన చేతి గడియారంలో సమయం కూడా చదవవచ్చు. చెట్టు లేదు. నూట నలభై చిత్రాల్లో అన్ని చోట్లా అదే ఆకుపచ్చని ఆవిరి. ఎన్ని ఊడలు దిగాయో, ఏ కొమ్మ రోడ్డు మీదికి వంగిందో, బోదెలో పిల్లలు దాక్కొనే తొర్ర ఏ దిక్కుకు ఉందో, ఒక్కదానిలోనూ ఆనవాలు లేదు. చెట్టు కిందనే కూర్చొని ఏళ్ళ తరబడి చెట్టును తీయకుండా ఉండటానికి కూడా కొంత ప్రతిభ కావాలి సుమా!

మరొక తమాషా ఉంది. మొయినాబాద్ చుట్టుపక్కల ఫొటోల కోసమే కట్టిన తోటలు వెలిశాయి. గంటల లెక్కన అద్దె. అందులో ఒక ‘పల్లె’ ఉంటుంది. పెంకుటిల్లు ముందుభాగం మాత్రమే, నీళ్ళు లేని బావి, ఎద్దులు లేని బండి, ఎన్నడూ మాయని ముగ్గు. అసలు పల్లెలో అసలు పొలాన్ని మసకచేసి, అద్దె పల్లెలో అట్ట గోడను మాత్రం తేటగా తీస్తున్నారు! 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నీటిని కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో ఈ వైపు 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేసింది. 2022లో 69 జీవోతో ఆ కట్టు సడలింది. కట్టున్నప్పుడే ఫామ్‌హౌసుల ప్రహరీలు లేచిన నేల ఇది. సడలాక చెప్పాలా? ఈ మండలాల్లో నేడు వెనకతలం అన్న మాటకు అర్థం, ఎకరం చొప్పున అమ్ముడుపోతున్నది అని. సరిగ్గా ఈ సమయంలోనే మనం దానిని చిత్రాల్లోంచి కూడా తీసివేస్తున్నాం, డబ్బిచ్చి లెన్సులు కొని మరీ.

లెక్క తెలిసివచ్చాక అవ్వకు ఇంకో చిత్రం తీసి ఇవ్వాలని అనుకున్నాను. అనుకోవడానికీ వెళ్ళడానికీ మధ్య ఏడాదిన్నర గడిచింది. ఈసారి ముందే ఎఫ్/8కు తిప్పి పెట్టుకొని వెళ్ళాను. బాట మలుపు తిరగగానే దారి తప్పానేమో అనుకున్నాను. చేను లేదు. చదునుచేసిన ఎర్రమట్టి మీద వరుసగా తెల్లరంగు పూసిన హద్దురాళ్ళు, నడుమ కొత్తగా పరిచిన మొరం దారి, కమాను కోసం లేపిన రెండు స్తంభాలు. గట్టు మీది వేపచెట్టు కూడా లేదు. కొడుకులిద్దరూ పంచుకొని అమ్మేశారట. అవ్వ ఇంటి అరుగు మీద కూర్చొని ఉంది. నేనిచ్చిన పటం లోపల గోడకు వేలాడుతున్నది, ఆమె ముఖమూ, చుట్టూ పసుప్పచ్చని పొగా. ఆ చేనుకు ఈ భూమి మీద మిగిలిన చిత్రం అదొక్కటే.

చెప్పడానికి నోరు రాక, కెమెరాను సంచిలో పెట్టబోయాను. అవ్వ చూసి లేచింది. కొంగు సర్దుకొని, చెప్పులు వేసుకొని, నాకంటె ముందే ఆ రాళ్ళ మధ్యకు నడిచి నిలబడింది.

“తియ్యి బిడ్డా. గీసారి రాళ్ళన్న కానొస్తయా?”

కనిపిస్తాయన్నాను. నాలుగడుగులు వెనక్కు నడిచాను.